ఆరు నెలల్లోపు బిడ్డకు జలుబు చేస్తే ఎలా గమనించాలి, ఎలా చూసుకోవాలి

మీ ఇంట్లో చంటిబిడ్డకు ఇప్పటికే జలుబు చేసి ఉంటే ఇది చదవడం తర్వాత, ముందు ఒక పని చేయండి. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఊరికే పడుకుని ఉన్నప్పుడో చొక్కా పైకి జరిపి, ఛాతీ, పొట్ట పూర్తిగా కనిపించేలా చేయండి. లైటు వేయండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి.

పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే సరిపోదు. ఈ వయసు పిల్లల ఊపిరి ఒకే తీరుగా నడవదు. గబగబా నాలుగైదుసార్లు పీలుస్తారు, కొన్ని సెకన్లు ఆగుతారు, మళ్లీ మొదలుపెడతారు. రంగు మారకుండా అలా కాసేపు ఆగడం వాళ్లకు మామూలే. అందుకే నిండు నిమిషం కావాలి.

రెండు నెలల్లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకు మించి వస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది వేగంగా ఊపిరి తీయడం కిందకే వస్తుంది. ఎక్కువ వచ్చిందని హడలిపోకుండా కాసేపాగి ఇంకోసారి లెక్కపెట్టండి. రెండోసారీ అంతే ఉంటే డాక్టర్ దగ్గరికి బయల్దేరాల్సిందే. అంకె, టైము ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో ఇంకా పని ఉంది.

థర్మామీటర్ ఒక్కదాన్నే నమ్ముకోకండి

మా చెల్లెలి పాపకు ఆరో వారంలో జలుబు చేసింది. ఇంటిల్లిపాదీ గంటకోసారి టెంపరేచర్ చూస్తూ కూర్చున్నాం. జ్వరం లేదు. జ్వరమే లేదు కదా అని ధైర్యంగా ఉన్నాం. మూడో రోజు పాప మరీ మందంగా ఉందనిపించి తీసుకెళ్తే డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న జ్వరం గురించి కాదు. "నిన్నటి నుంచి ఎన్నిసార్లు పాలు తాగింది? ఎన్ని డైపర్లు తడిశాయి?" అన్నారు. నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒక్కరి దగ్గరా జవాబు లేదు.

చంటిపిల్లల్లో వైరస్ ఊపిరితిత్తుల దాకా దిగినా జ్వరం రాకపోవచ్చు. ఊపిరి దారికి సోకే ఆరెస్‌వీ (RSV) అనే వైరస్ విషయంలో ఇది తరచూ కనిపిస్తుంది. మరీ చిన్నపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టిన వాళ్లలో, ఈ వైరస్ మొదటి గుర్తు దగ్గు కూడా కాకుండా, ఉన్నట్టుండి ఊపిరి ఆగడమే కావచ్చు. కాబట్టి రోజంతా గమనించాల్సినవి మూడు: ఊపిరి, పాలు, తడిసిన డైపర్లు. కాగితం మీద ఈ మూడింటికీ మూడు గీతలు గీసుకోండి.

లోపల ఏం జరుగుతోందో ఒకసారి తెలుసుకోండి

ఇది చదవకుండా కిందికి దాటేయొచ్చు. కానీ ఇది తెలియకపోతే "ఇమ్యూనిటీ పెంచే" చుక్కల మందుల వెంట పడతారని నా భయం.

"పసిబిడ్డ కదా, ఇమ్యూనిటీ ఉండదు" అనే మాట సగమే నిజం. వ్యాధి నిరోధక వ్యవస్థ ఉంటుంది, కాకపోతే దాని తీరు వేరు. కడుపులో ఉన్న తొమ్మిది నెలలూ బిడ్డ రక్తంలోకి తల్లి కణాలు కొన్ని వచ్చిపోతూ ఉంటాయి. వాటిని పరాయివని తరమకూడదు. పుట్టీ పుట్టగానే చర్మం మీదా, ముక్కులోనూ, పేగుల్లోనూ కోట్లకొద్దీ సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. వాటిలో ప్రతిదానితోనూ తగువు పెట్టుకుంటే బిడ్డ ఒళ్లంతా వాపుతో నిండిపోతుంది. అందుకే ఆ వయసులో శరీరం కళ్లెం బిగించి పెట్టుకుంటుంది. ఆ కళ్లెం పట్టుకునేవి నియంత్రక టి కణాలు అనే ఒక రకం తెల్లకణాలు. పెద్దవాళ్లలో కంటే నవజాత శిశువుల్లో వాటి పైచేయి ఎక్కువ.

వైరస్ వచ్చినప్పుడు ఈ ఓర్పే ఇబ్బంది పెడుతుంది. వైరస్ సోకిన కణం ముందుగా ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ విడుదల చేసి చుట్టుపక్కల కణాలను అప్రమత్తం చేస్తుంది. దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసే రక్తకణాలు పసిపిల్లల్లో అంత జోరుగా పనిచేయవు. వైరస్ సోకిన కణాలను చంపే టి కణాలన్నీ కొత్తగా చేరినవే, ఇంతకు ముందు ఏ శత్రువునూ చూసినవి కావు. మన ఊపిరితిత్తుల్లో పాత జలుబుల జ్ఞాపకం ఉన్న కణాలు కాపు కాసి ఉంటాయి; బిడ్డకు ఆ జ్ఞాపకమే లేదు. యాంటీబాడీలు తయారవుతాయి కానీ ఆలస్యంగా, అంత గట్టిగా అంటుకోని రకంగా. అందుకే పెద్దవాళ్ల కంటే బిడ్డ ముక్కులోంచి వైరస్ ఎక్కువ రోజులు బయటికి వస్తూ ఉంటుంది. కొందరు పిల్లల్లో నాలుగు వారాల దాకా.

అలాగని బిడ్డ చేతులు ముడుచుకుని కూర్చోదు. కోవిడ్ సోకిన పసిపిల్లల మీద 2023లో సెల్ అనే సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడ చెప్పుకోదగ్గది. పిల్లల రక్తంలో వాపు కలిగించే రసాయనాలు పెద్దవాళ్లలోలా పెరగలేదు, కానీ ముక్కులో మాత్రం ఇంటర్‌ఫెరాన్‌తో సహా గట్టి స్పందన కనిపించింది. పోరాటం వాకిట్లోనే జరుగుతోందన్నమాట. అన్ని వైరస్‌లతోనూ బిడ్డ ఇలాగే నెగ్గుకొస్తుందని అనుకోవడానికి లేదు, ఆరెస్‌వీ అందుకు ఉదాహరణ.

ఆరెస్‌వీ ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాల దాకా దిగుతుంది. అక్కడికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా వచ్చిపడతాయి. అవి చచ్చి, ఊడిపోయిన గొట్టం లోపలి పొర, చిక్కటి కఫం అన్నీ కలిసి ముద్ద కడతాయి. దీన్నే బ్రాంకియోలైటిస్ అంటారు. బిడ్డను కష్టపెట్టేది వైరస్ ఒక్కటే కాదు, ఈ పూడిక కూడా.

ఇక గొట్టం సైజు సంగతి. గాలి సాఫీగా పారే గొట్టంలో వ్యాసార్థం సగమైతే అడ్డు రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. పెద్దమనిషి శ్వాసనాళంలో 8 మిల్లీమీటర్ల వెడల్పున్న చోట చుట్టూ ఒక మిల్లీమీటరు వాపు వస్తే దారి 6 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, అడ్డు మూడు రెట్లు పెరుగుతుంది. ఎక్కువలో ఎక్కువ దగ్గు. బిడ్డకు 4 మిల్లీమీటర్ల దారి ఉన్న చోట అదే వాపు వస్తే 2 మిల్లీమీటర్లే మిగులుతుంది. ఆ పదహారు రెట్ల అడ్డును దాటించి గాలి లాగాల్సింది మెత్తటి పక్కటెముకల ఛాతీ. అందుకే డొక్కలు ఎగరేస్తుంది. అలా గంటల తరబడి లాగి లాగి అలిసిపోతుంది. మీరు కాపాడాల్సింది ముందు ఆ బలాన్ని.

తల్లి ఇచ్చిన యాంటీబాడీలు ఎంతకాలం ఉంటాయో లెక్క వేసుకోండి

గర్భంలో చివరి మూడు నెలల్లో తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డలోకి చేరతాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఇవి తల్లిలో ఉన్నంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా ఉంటాయి. అయితే ఇది అప్పు తెచ్చుకున్న సొమ్ము. సుమారు నాలుగు వారాలకోసారి సగానికి తగ్గుతుందనుకోండి. రెండు నెలలకు పావు వంతు, ఆరు నెలలకు దాదాపు ఏమీ ఉండదు. ఆరెస్‌వీతో ఆసుపత్రిలో చేరే పిల్లల్లో రెండు మూడు నెలల వయసు వాళ్లు ఎక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణం. ఎనిమిదో నెల రాకముందే పుట్టిన బిడ్డకు ఆ సొమ్ము పూర్తిగా చేతికి అందనే లేదు. అలాంటి బిడ్డ విషయంలో కింద చెప్పే ప్రతి హద్దునూ ఇంకాస్త ముందుకు జరుపుకోండి, అంటే ఇంకా త్వరగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ముక్కు శుభ్రం చేయండి

ఈ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు. నోట్లో రొమ్మో సీసా పీకో ఉన్నప్పుడు ముక్కు దిబ్బడ వేస్తే ఊపిరా, పాలా అని తేల్చుకోవాల్సి వస్తుంది. పాలు వదిలేస్తుంది.

మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు, అంటే 0.9 శాతం ఉప్పునీళ్లు, తీసుకోండి. ఇంట్లో ఉప్పు కలిపి తయారుచేయకండి, పాళ్లు తప్పుతాయి, శుభ్రత ఉండదు. పాలు పట్టడానికి పది నిమిషాల ముందు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో ముక్కులో రెండు మూడు చుక్కలు వేయండి. ఏడుస్తుంది, తుమ్ముతుంది, తుమ్మితే మంచిదే, సగం పని అయిపోయినట్టే. ఒక నిమిషం ఆగాక రబ్బరు బల్బును ముందు నొక్కి, నొక్కిన బల్బునే ముక్కు అంచు దగ్గర పెట్టి మెల్లగా వదలండి. ముక్కులో పెట్టాక నొక్కితే గాలి లోపలికి కొట్టి చీమిడిని ఇంకా వెనక్కి తోస్తుంది. మొదటిసారి నేను చేసింది సరిగ్గా అదే. లోతుకు దూర్చకండి, రోజుకు మూడు నాలుగుసార్లకు మించి లాగకండి. ఎక్కువ లాగితే లోపలి పొర వాచి దిబ్బడ పెరుగుతుంది. వాడిన ప్రతిసారీ బల్బును సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి.

పెద్దవాళ్లు వాడే దిబ్బడ విప్పే మందు చుక్కలు వేరు. అవి చంటిపిల్లల గుండె మీదా, ఊపిరి మీదా ప్రభావం చూపగలవు. సీసా రంగు ఒకేలా ఉందని పొరపాటు పడకుండా లేబుల్ చదవండి.

పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టండి

మామూలుగా మూడు గంటలకోసారి తాగే బిడ్డకు గంటన్నరకోసారి, సగం సగం పట్టండి. తల కాస్త ఎత్తులో ఉండేలా ఎత్తుకుని పట్టాలి, మధ్యలో ఆపి ఊపిరి తీసుకోనివ్వాలి. రొమ్ము పడితే నిమిషాలు, సీసా అయితే మిల్లీలీటర్లు రాయండి. "బాగానే తాగింది" అని రాస్తే డాక్టర్‌కు ఏమీ తెలియదు.

తల్లికి కూడా జలుబు ఉంటే పాలివ్వడం ఆపొద్దు. వైరస్ ఇద్దరి ముక్కులోకీ అప్పటికే వచ్చేసి ఉంటుంది, తల్లి శరీరం దాని మీద తయారుచేసే ఐజీఏ యాంటీబాడీలు పాలలోకి వస్తాయి, బిడ్డ గొంతు పొరను పూసుకుని ఉంటాయి. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పట్టండి. ఆరు నెలల్లోపు మంచినీళ్లు వద్దు. దాహం అనుకుని పట్టే ఆ నీళ్లు పొట్ట నింపి పాలను తోసేస్తాయి, రక్తంలో సోడియం తగ్గిస్తాయి.

మామూలుగా తాగేదాంట్లో సగం కంటే తగ్గినా, ఎనిమిది గంటలు దాటినా డైపర్ పొడిగానే ఉన్నా ఇంట్లో ఉండకండి.

జ్వరం వస్తే వయసు చూడండి

మూడు నెలల్లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఉంటే అర్ధరాత్రి అయినా అదే పూట వెళ్లాలి. పారాసిటమాల్ వేసి పొద్దున దాకా చూద్దాం అనే ఆలోచనే వద్దు. పైన చెప్పిన కళ్లెం బ్యాక్టీరియా విషయంలోనూ ఉంటుంది: ఒకచోట మొదలైన ఇన్‌ఫెక్షన్‌ను అక్కడే కట్టడి చేయడం ఆ వయసు శరీరానికి కష్టం, త్వరగా రక్తంలోకి, మెదడు పొరల్లోకి పాకుతుంది. అది మామూలు జలుబా, ఇంకేమైనానా అన్నది చూసి చెప్పడం కుదరదు, పరీక్షలు చేయాలి. ఒళ్లు చల్లబడి 36 కంటే కిందికి దిగినా అంతే తీవ్రంగా తీసుకోండి. చంటిపిల్లల్లో పెద్ద ఇన్‌ఫెక్షన్ కొన్నిసార్లు జ్వరంగా కాక చల్లదనంగా బయటపడుతుంది.

మూడు నెలలు దాటాక పారాసిటమాల్ డోసు బరువును బట్టి డాక్టర్ చెప్పినంతే. ఐబుప్రొఫెన్ ఆరు నెలల లోపు డాక్టర్ చెప్పకుండా వద్దు. ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు.

చేయకూడనివి

దగ్గు సిరప్‌లు ఇవ్వొద్దు. తేనె ఏడాది నిండే దాకా ఒక్క చుక్క కూడా నాకించొద్దు, అందులో ఉండగల బ్యాక్టీరియా బీజాలు ఆ వయసు పేగుల్లో మొలిచి బోట్యులిజం అనే విషప్రభావం కలిగించగలవు. కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు ముక్కు కింద, ఛాతీ మీద రాయొద్దు. వేడినీళ్ల ఆవిరి పట్టొద్దు, ఒళ్లు కాలే ప్రమాదం ఉంది. పొగ ఏదైనా సరే, ఎంత మంచి వాసన వచ్చేదైనా సరే, బిడ్డ ఉన్న గదిలో వద్దు. జలుబని తల కింద దిండు పెట్టొద్దు. చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడమే.

యాంటీబయాటిక్ కోసం డాక్టర్‌ని ఒత్తిడి చేయొద్దు. వైరస్ మీద అది పనిచేయదు.

"ఇమ్యూనిటీ బూస్టర్" సంగతికి వస్తే, బిడ్డ నిరోధక వ్యవస్థను తెలియకుండా రెచ్చగొడితే ఏమవుతుందో 1960ల్లో ఒకసారి తేలింది. అమెరికాలో ఫార్మాలిన్‌తో చంపిన ఆరెస్‌వీతో టీకా తయారుచేసి పిల్లలకు ఇచ్చారు. తర్వాత అసలు వైరస్ సోకినప్పుడు, ఒక అధ్యయనంలో టీకా తీసుకుని వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. టీకా తీసుకోని పిల్లల్లో అంత తీవ్రంగా రాలేదు. ఆ టీకా వల్ల పుట్టిన యాంటీబాడీలు వైరస్‌కు అంటుకున్నాయి కానీ దాన్ని ఆపలేకపోయాయి, టి కణాలు తప్పు దారి పట్టాయి. ఆ దెబ్బతో ఆరెస్‌వీ టీకా పరిశోధన దశాబ్దాలు వెనకబడింది. కణంలోకి చొరబడక ముందు వైరస్ ప్రోటీన్ ఏ ఆకారంలో ఉంటుందో 2013లో విప్పి చూశాకే దారి దొరికింది. శాస్త్రవేత్తలకే అంతకాలం పట్టిన పని, సీసాలో చుక్కల మందు చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు.

వెంటనే బయల్దేరాల్సిన గుర్తులు

- ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడటం, డొక్కలు ఎగరేయడం
- ముక్కుపుటాలు విచ్చుకోవడం, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగు
- పెదవులు, నాలుక నీలంగా లేదా బూడిద రంగులోకి మారడం
- ఊపిరి పది సెకన్లకు మించి ఆగడం
- పాలకు కూడా లేవకపోవడం, లేపినా మళ్లీ వాలిపోవడం

నీలం రంగు, ఊపిరి ఆగడం కనిపిస్తే కాగితం గురించి ఆలోచించకండి, అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. మిగతావి కనిపిస్తే ముప్పై సెకన్లు వీడియో తీసుకుని బయల్దేరండి. దారిలో బిడ్డ నిద్రపోయి, డాక్టర్ ముందు మామూలుగా కనిపించడం చాలాసార్లు జరుగుతుంది. ఛాతీ కనిపించే ఆ వీడియో మీ మాటల కంటే ఎక్కువ చెబుతుంది.

ఇంకోటి: అంతసేపూ ఎగిరిన డొక్కలు నెమ్మదించి, బిడ్డ మాత్రం మందంగా, కదలకుండా ఉంటే తగ్గిందని సంతోషపడొద్దు. అలిసిపోయిందేమో.

ఆసుపత్రిలో ఏం చేస్తారు

చాలామంది తల్లిదండ్రులకు నిరాశ కలిగించే సంగతి: పెద్దగా మందులేవీ ఉండవు. ఆక్సిజన్ తగ్గితే ముక్కు దగ్గర గొట్టంతో ఇస్తారు, తాగలేకపోతే ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్నటి ట్యూబుతో పాలో, నరంలోంచి ద్రవాలో ఎక్కిస్తారు, కఫం లాగుతారు. బ్రాంకియోలైటిస్‌లో నెబ్యులైజర్, స్టీరాయిడ్లు మామూలుగా ఉపయోగపడవు. ఏమీ చేయడం లేదని టెన్షన్ పడకండి. పూడిక కరిగే దాకా బిడ్డ బలాన్ని నిలబెట్టడమే వైద్యం.

సాధారణంగా మూడో రోజు నుంచి ఐదో రోజు వరకు బాగా ముదురుతుంది. రెండో రోజు డాక్టర్‌కు చూపించి "పర్వాలేదు" అనిపించుకున్నా నాలుగో రోజు మళ్లీ లెక్కపెట్టండి. దగ్గు మాత్రం మూడు వారాలు సాగవచ్చు. బిడ్డ హుషారుగా తాగుతూ, ఆడుతూ ఉంటే ఆ దగ్గుకు మందు అక్కర్లేదు.

వచ్చే జలుబుకు ముందే చేయాల్సినవి

బిడ్డకు వైరస్ తెచ్చేది ఇంట్లో వాళ్లే, అందులోనూ బడికి వెళ్లే అన్నలు, అక్కలు. ఆరెస్‌వీ బల్లలు, తలుపు గడియల మీద కొన్ని గంటలు బతుకుతుంది. ఎత్తుకునే ముందు ఇరవై సెకన్లు సబ్బుతో చేతులు కడగాలనే నియమం అందరికీ ఒకటే, చుట్టాలకు మినహాయింపు లేదు. జలుబున్న వాళ్లు ఎత్తుకుంటామంటే మొహమాటపడకండి, తప్పు నా మీద వేయండి.

గర్భిణిగా ఉన్నప్పుడు కోరింత దగ్గు, ఫ్లూ టీకాలు వేయించుకుంటే ఆ యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. ఆరెస్‌వీకి కూడా 2023 నుంచి రెండు దారులు వచ్చాయి: గర్భిణికి ఇచ్చే టీకా, బిడ్డకు నేరుగా ఇచ్చే నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్. రెండోది టీకా కాదు, తల్లి ఇచ్చే సొమ్ము లాంటిదే, కాకపోతే అయిదు నెలల దాకా నిలిచేలా తయారుచేశారు. మీరున్న చోట ఏది దొరుకుతుందో డాక్టర్‌ని అడగండి. ఫ్లూ టీకా బిడ్డకు ఆరు నెలలు నిండాకే.

బిడ్డకు వేయించాల్సిన టీకా తేదీ ఈ జలుబు మధ్యలో వచ్చిందా? జ్వరం లేకుండా ముక్కు కారుతూ ఉన్నంత మాత్రాన వాయిదా వేయక్కర్లేదు. తీసుకెళ్లండి, చూసి వేస్తారు.